కట్టెల దొంతికి మూడు రోజుల గడువు

దెయ్యాల మీద నాకు నమ్మకం లేదు. ఇది రాస్తున్న ఈ రోజుకీ లేదు. మాది కట్టెల అడితి. చెట్లు కొనడం, కొట్టించడం, కట్టె చేసి హోటళ్ళకూ పెళ్ళి వంటలకూ తూకానికి వేయడం, పదిహేడేళ్ళుగా ఇదే నా పని. శ్మశానం గట్టు మీది తుమ్మలు కొట్టించాను. ఎవరో ఉరేసుకున్నారని ఊరంతా వద్దన్న మామిడిచెట్టును మైలవరం దాకా వెళ్ళి కొనుక్కొచ్చాను. ఆ కట్టెతో ఒక పెళ్ళిలో బిరియానీ వండారు. తిన్నవాళ్ళు మారు వడ్డించుకున్నారే గానీ ఎవరికీ ఏమీ కాలేదు.

పాములంటే కూడా నాకు భయం లేదు. నందిగామలో డిగ్రీ చదివాను, అందులో జువాలజీ ఒక సబ్జెక్టు. ఏది విషప్పామో ఏది కాదో చూస్తే చెప్పగలను. కట్టెల మధ్య బతికేవాడికి అది చదువు కంటే అవసరం. ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, నేను చెప్పబోయేది ఇంతకు ముందు విన్నవాళ్ళలో సగం మంది నన్ను పిరికివాడన్నారు, మిగతా సగం మతి చలించిందన్నారు. రెండూ కాదని నా మనవి.

మా అడితి జగ్గయ్యపేట నుంచి చిల్లకల్లు వెళ్ళే దారిలో ఉంది. రోడ్డు పక్కన ఇనుప గేటు, లోపల ఖాళీ స్థలం, అందులో కాటా, కట్టెల దొంతులు, వెనకాల ఇల్లు. వరండా మెట్ల నుంచి గేటుకు నలభై అడుగులు. ఈ లెక్క తర్వాత నేను చాలాసార్లు వేశాను కాబట్టి ఖచ్చితంగా చెప్పగలను.

మా అన్న పేరు మస్తాన్. నా కంటే పదేళ్ళు పెద్ద. నాన్న పోయేసరికి నేను ఆరో తరగతి. అన్న లారీ ఎక్కాడు. అక్క మీరాబీకి నందిగామ సంబంధం చేసింది ఆయన. నన్ను చదివించింది ఆయన. ఈ స్థలం కొని, ఇల్లు కట్టి, నా చేత అడితి పెట్టించింది ఆయన. మధ్యలో తన పెళ్ళి సంగతి మర్చిపోయాడు. ఎవరైనా అడిగితే "చూద్దాంలే" అనేవాడు. చూద్దాం చూద్దాం అంటూనే నలభై దాటాయి.

రెండేళ్ళ కిందట సుబాబుల్ లోడు దించుతుంటే తాడు తెగి దుంగలు ఆయన నడుము మీద పడ్డాయి. విజయవాడలో ఆపరేషన్ చేశారు. తర్వాత ఒక డాక్టరు అరికాలిలో సూది గుచ్చి తెలుస్తోందా అని అడిగితే, ఆ డాక్టరు ఎక్కడ బాధపడతాడో అన్నట్టు, "కొంచెం తెలుస్తందండి" అన్నాడు అన్న. ఆయనకేమీ తెలియలేదని నాకు తెలుసు. గుచ్చినప్పుడు ఆయన చూస్తున్నది సూదిని కాదు, డాక్టరు ముఖాన్ని. నడుము కింద ఇక కదలిక రాదని చెప్పి పంపించేశారు.

అప్పటి నుంచి ముందు గదిలో మంచం, మంచం పక్కన కిటికీ. కిటికీ బయట నాలుగడుగుల దూరంలో పెద్ద దొంతి. సర్కారు తుమ్మ, మామిడి, ఎండిన వేప మొద్దులు పేర్చిన దొంతి అది. అడుగు వరసలు ఎన్నో ఏళ్ళుగా కదిపింది లేదు. పై నుంచి తీసి అమ్మడం, మళ్ళీ పై నుంచే పేర్చడం. అందుకే దాని అడుగున పాములు చేరాయి.

అన్నకు అదే టీవీ, అదే సినిమా. నిజంగా టీవీ కొనిపెడితే దుప్పటి కప్పించాడు. పొద్దున టీ తాగగానే కిటికీ రెక్క బార్లా తీసి కూర్చోబెట్టమనేవాడు. వెనక రెండు దిండ్లు ఉండాలి. ఇక మధ్యాహ్నం దాకా మాట్లాడేవాడు కాదు. అన్నం పెట్టేటప్పుడు మాత్రం ఆ రోజు ఎవరెవరు కనబడ్డారో చెప్పేవాడు. పాముల్ని "ఎవరు" అనేవాడు.

మొత్తం నలుగురు. సన్నజాజి పందిరి మీద ఒక పసరిక పాము. బట్టలుతికే చోట నీళ్ళు పారే కాలువలో ఒక నీరుకట్టె. చారలున్న సన్నపాటి పాము ఒకటి, చూసినవాళ్ళంతా కట్లపామనుకుని గుండెలు బాదుకునేవాళ్ళు గానీ కాదు, దాన్ని నేను దగ్గరగా చూశాను. నాలుగోది జెర్రిపోతు, ఆరడుగులు ఉంటుంది. మా దగ్గర కట్టె కొట్టే కోటయ్య ఒకసారి చూసుకోకుండా మొద్దు దొర్లిస్తే దాని తోక జానెడు తెగిపోయింది. అప్పటి నుంచి దాన్ని మొండిది అనేవాళ్ళం. నలుగురిలో ఎవరికీ మనిషికి హాని చేసేంత విషం లేదు. ఎలుకల్ని తిని మా పుణ్యాన వాళ్ళూ వాళ్ళ పుణ్యాన మేమూ బతుకుతున్నాం.

జెర్రిపోతు తోకతో కొడితే తగిలిన చోటు ఎండిపోతుందని మా వైపు ఒక నమ్మకం. అన్న కాళ్ళు పుల్లల్లాగా అయ్యాయి కదా, కోటయ్య ఒకరోజు ధైర్యం చేసి కిటికీ దగ్గర నుంచి అడిగేశాడు.

"ఇది ఎప్పుడైనా మిమ్మల్ని తోకతో గానీ కొట్టిందాండీ?"

"నన్ను కొట్టింది సుబాబుల్ దుంగ, కోటయ్యా. దీనికి తోకేదయ్యా, ఏం పెట్టి కొడద్ది?" అని అన్న పడీ పడీ నవ్వాడు. చాలా రోజుల తర్వాత ఆయన అలా నవ్వడం విన్నాను.

ఇక నా సంగతి. మంచాన ఉన్న మనిషిని చూసుకోవడమంటే ఏమిటో చేసినవాళ్ళకే తెలుసు. రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, లేకపోతే వీపు పుళ్ళు పడుతుంది. ఆయన్ని ఎత్తాలంటే నేనూ కోటయ్యా ఇద్దరం కావాలి. దుప్పట్లు, మూత్రం గొట్టం, దాని సంచి, ఆ వాసన. నా భార్య రమీజా ఒక్క రోజు విసుక్కోలేదు. కానీ నడుం పట్టేసి రాత్రుళ్ళు పక్కకు తిరగలేక మూలిగేది. ఒక్కోసారి పొద్దున్నే ఆ గది తలుపు తీసేముందు ఒక్క క్షణం ఆగి, ఈ తలుపు తియ్యక్కర్లేని రోజు వస్తే ఎలా ఉంటుందా అనుకునేవాణ్ణి. అనుకున్నందుకు చెంపలు వేసుకునేవాణ్ణి. మర్నాడు మళ్ళీ అనుకునేవాణ్ణి.

పోయిన వానాకాలం మొదట్లో ఒక మంగళవారం పొద్దున జరిగిందిది. మా అమ్మాయి ఆయేషాకు మూడేళ్ళు. రమీజా బట్టలుతుకుతోంది. నేను కాటా దగ్గర ఉన్నాను. మొండిది ఎండకు దొంతి బయటికి వచ్చి పడుకుంది. పిల్ల వెళ్ళి దాని తల దగ్గర చతికిలబడి, చేతిలో బిస్కెట్టు విరిచి ముందు పెట్టి, తినమని బతిమాలుతోంది. కిటికీలోంచి అన్న చూస్తూ నవ్వుతున్నాడు.

రమీజా బట్టల బకెట్టుతో వచ్చి ఒకేసారి రెండూ చూసింది, పాము దగ్గర పిల్లనూ, నవ్వుతున్న బావగారినీ. బకెట్టు అక్కడే వదిలేసి పిల్లను లాక్కుంది. మొండిది అదిరిపడి దొంతిలో దూరింది. ఆ రోజు రమీజా నా మీద అరిచిన అరుపు రోడ్డవతల టీకొట్టు దాకా వినబడింది.

"అది మంచి పామే అనుకో. రేపు దాని పక్కన ఇంకోటి వచ్చిద్ది. అది మంచిదో చెడ్డదో మీ అన్న లేచొచ్చి చెప్తాడా? పిల్ల పోయి పాము నోట్లో చెయ్యి పెడతంటే నవ్వుతా కూర్చున్నాడు!"

నేను అన్న దగ్గరకు వెళ్ళాను. ఎందుకు నవ్వావని కోపంగానే అడిగాను. ఆయన నా వైపు చూడలేదు.

"నవ్వక ఏం చెయ్యనురా? లేచెళ్ళి ఎత్తుకోగలనా? నేను కేకేస్తే అది బెదిరేది, పిల్ల బెదిరేది. అందుకని నవ్వుతా కూర్చున్నా" అన్నాడు.

ఆయన చెప్పిందీ నిజమే. రమీజా చెప్పిందీ నిజమే. పాముల్ని చంపించడం నాకు ఇష్టం లేదు, చంపకపోతే ఇంట్లో అన్నం ముద్ద దిగే పరిస్థితి లేదు. దొంతి మొత్తం విప్పేద్దామంటే వాన మొదలైంది, తడిస్తే కట్టె పనికిరాదు. పాములు పట్టే మనిషికి ఫోన్ చేస్తే తుని వైపు పెళ్ళికి పోయాను, పది రోజులకు గానీ రానన్నాడు. అప్పుడు గుర్తుకొచ్చింది నానమ్మ చేసిన పని.

మా ముసలివాళ్ళలో ఒక పద్ధతి ఉంది. ఇంట్లో పాము కనబడితే వెంటనే కొట్టకూడదు. పాము రూపంలో మన కంటికి ఆననివాళ్ళు కూడా ఉంటారని వాళ్ళ నమ్మకం. అందుకని మూడు రోజులు వరసగా, అది ఉండే చోట నిలబడి, పైకి వినబడేలా గడువు చెప్పాలి. మూడో రోజు దాటాక కూడా కనబడితే అప్పుడు కొట్టినా తప్పు లేదు. నా చిన్నప్పుడు కోళ్ళగూడు దగ్గర నానమ్మ అలా చెప్పడం చూశాను. ఆ మాటలు నాకు కంఠతా వచ్చు. పామూ చావకూడదు, కర్రా విరగకూడదు కదా, ఇదేదో బాగుందనిపించింది. రమీజా మనసు కుదుటపడుతుంది, పది రోజులు గడుస్తాయి, తర్వాత పట్టేవాడు వస్తాడు. అంతకు మించి నేను ఆశించింది ఏమీ లేదు. పాముకు చెవులుండవని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి నేను.

చెవులున్న మనిషి కిటికీలో కూర్చున్నాడన్న సంగతి మాత్రం నాకు తట్టలేదు.

బుధవారం పొద్దున పదిన్నరకు దొంతి ముందు నిలబడ్డాను. రమీజా వరండాలో ఉంది. కోటయ్య గొడ్డలి ఆపి చూస్తున్నాడు. సిగ్గుగానే ఉంది. గొంతు సవరించుకుని నానమ్మ మాటలు చెప్పాను.

"ఇది మేం ఉండే ఇల్లు. నీకూ మాకూ పొత్తు కుదరదు. మూడు రోజులు గడువిస్తున్నాం. నీ దోవ నువ్వు చూసుకో. ఆ తర్వాత మా మీద పాపం లేదు."

కిటికీలో అన్న మామూలుగానే కూర్చుని ఉన్నాడు. మధ్యాహ్నం అన్నం పెడుతుంటే ఒక్కటే అడిగాడు, ఎన్ని రోజులు ఇచ్చావని. మూడన్నాను. సరేనన్నాడు. ఆ రోజు ఎవరెవరు కనబడ్డారో చెప్పలేదు.

సాయంత్రం నాలుగు గంటలకు కోటయ్య నన్ను కేకేశాడు. పసరిక పాము నేల మీద ఉంది. కొమ్మల్లో తప్ప కనబడని పాము అది, ఆకుల్లో కలిసిపోవడమే దాని బతుకు. అది ఎండలో, బోడి నేల మీద, పందిరి దగ్గర నుంచి గేటు దాకా నింపాదిగా పాక్కుంటూ వెళ్ళి, గేటు కింద నుంచి రోడ్డు మార్జిన్‌లోకి వెళ్ళిపోయింది. కోటయ్య నా వైపు చూశాడు. నేను కాటా వైపు చూశాను. కాకతాళీయం అని ఒక మాట ఉంది కదా, ఆ రోజుకు దాన్ని పట్టుకున్నాను.

గురువారం రెండోసారి చెప్పాను. మధ్యాహ్నం లోపల నీరుకట్టె పోయింది. దాన్ని రమీజా స్వయంగా చూసింది. కాలువలోంచి లేచి, నీళ్ళ వైపు కాకుండా పొడి నేల మీదుగా అదే గేటు కిందకు వెళ్ళింది. సాయంత్రం చారల పాము. అది చీకటి పడితే గానీ తిరగదు, ఇంకా ఎండ ఉండగానే వెళ్ళింది. రమీజా సంతోషించింది, మీ నానమ్మ గొప్పది అంది. కాకతాళీయం అన్న మాట మాత్రం ఆ రోజు నా చేతికి చిక్కలేదు.

అదే సాయంత్రం అన్న రమీజాను పిలిచి తన తెల్ల చొక్కా ఇస్త్రీ చేసి పెట్టమన్నాడు. రేపు శుక్రవారం కదా అన్నాడట. రెండేళ్ళలో ఆయన చొక్కా అడగలేదు. పండక్కి తొడుగుతానన్నా మంచంలో ఉన్నవాడికి ఎందుకురా అనేవాడు. పోనీలే, మనసు బాగుందేమో అనుకున్నాం. లారీ రోజుల నాటి చిన్న చేతిసంచి కూడా అటక మీద నుంచి తీయించుకుని దిండు పక్కన పెట్టుకున్నాడు. అందులో ఏముందో మేం చూడలేదు.

శుక్రవారం పొద్దున ఆయన్ని తుడిచి, చొక్కా తొడిగి, కొత్త లుంగీ కట్టి, దిండ్లకు ఆనించి కూర్చోబెట్టాను. జుమ్మా నమాజుకు బయల్దేరే ముందు దొంతి దగ్గరకు వెళ్ళాను. మొండిది ఇంకా పోలేదు. అడుగు వరసలో దాని ఒంటి మెరుపు కనబడుతూనే ఉంది.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. మూడోసారి చెప్పేటప్పుడు నా గొంతు పెరిగింది. ముందు రెండు రోజులు పాఠం అప్పజెప్పినట్టు చెప్పినవాణ్ణి, ఆ రోజు నిజంగా కోపంతో చెప్పాను. ముందు రాత్రంతా నిద్ర లేదు. మూడుసార్లు దుప్పట్లు మార్చాం. రమీజా నడుం పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడిపోయింది. ఇది మేం ఉండే ఇల్లు అని అన్నప్పుడు నా కళ్ళు కట్టెల మీద ఉన్నాయి. మనసు కట్టెల మీద లేదు. అది నాకూ తెలుసు, అల్లాకూ తెలుసు. అన్నకు తెలిసిందని ఆ క్షణంలో అనుకోలేదు.

మసీదుకు వెళ్ళి వచ్చేసరికి రెండు కావడానికి పది నిమిషాలు ఉంది. బండి గేటు ముందు ఆపాను. గేటుకు అటువైపు, రోడ్డు మార్జిన్‌లో, కల్వర్టు గోడకు వీపు ఆనించి మా అన్న కూర్చుని ఉన్నాడు. తెల్ల చొక్కా. ఒళ్ళో చేతిసంచి. కాళ్ళు ముందుకు చాపి, లుంగీ మడమల దాకా సర్దుకుని, బస్సు కోసం చూసే ప్రయాణికుడి మాదిరి కూర్చున్నాడు.

నేను చూసినవి చూసినట్టు చెబుతాను. రమీజా పన్నెండున్నర నుంచి వరండా మెట్టు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది, పిల్ల పక్కనే నిద్రపోతోంది. అన్న గది తలుపు వరండాలోకే ఉంది. ఆ మెట్టు దాటకుండా బయటికి దారి లేదు. కిటికీకి ఊచలున్నాయి. రమీజా కళ్ళ ముందు నుంచి ఎవరూ వెళ్ళలేదు, లోపలికి ఎవరూ రాలేదు. కోటయ్య పన్నెండింటికే అన్నానికి ఇంటికి పోయాడు. చక్రాల కుర్చీ మడిచి మంచం కింద పెట్టింది పెట్టినట్టే ఉంది. గేటుకు నేను వేసిన గొళ్ళెం వేసినట్టే ఉంది.

ఆ రోజు పొద్దున కోటయ్య వేప మొద్దులు రంపంతో కోశాడు. మెట్ల నుంచి గేటు దాకా రంపపు పొట్టు పరుచుకుని ఉంది, గాలి కూడా లేదు. అందులో నేను మసీదుకు వెళ్తూ, గేటు బయట ఉన్న బండి దాకా నడిచిన చెప్పుల గుర్తులున్నాయి. కోటయ్య పాదాలు ఉన్నాయి. ఈడ్చిన గుర్తు లేదు, చక్రాల గుర్తు లేదు, ఇంకో మనిషి అడుగు లేదు. నా చెప్పుల గుర్తుల మీదుగా ఒకే ఒక్క వంకర గీత, నా మణికట్టు అంత వెడల్పున, కిటికీ కింద నుంచి గేటు దాకా వెళ్ళింది. అది మొండిది వెళ్ళిన దారి. దానికి నాకు పేచీ లేదు. పాము పాక్కుంటూ పోయింది, గీత పడింది. మనిషి ఎలా పోయాడు?

అన్న మడమలకు పొట్టు అంటలేదు. లుంగీకి మట్టి లేదు. నేను వంగి వేలితో తుడిచి మరీ చూశాను.

ఎలా వచ్చావన్నా అని అడిగాను. 

"గడువైపోయిందిగా. వచ్చేసా" అన్నాడు. కోపం లేదు, దెప్పిపొడుపు లేదు. లోడు దించేశాను, బండి తెచ్చేశాను అని ఒకప్పుడు ఎలా చెప్పేవాడో అలాగే చెప్పాడు.

నీకు కాదన్నా, పాముకు చెప్పాను అన్నాను. రోడ్డు మీద మోకాళ్ళ మీద కూర్చుని ఆయన కాళ్ళు పట్టుకుని చెప్పాను. ఆ కాళ్ళకు నా పట్టు తెలియదని కూడా మర్చిపోయాను.

"పేరు పెట్టి చెప్పలేదు కదరా నువ్వు" అన్నాడు.

రమీజా వచ్చి చూసి నోట్లో కొంగు కుక్కుకుంది. బావగారూ లోపలికి పదండి, తప్పంతా నాది అని ఏడ్చింది. ఆయన ఆమె తల మీద చెయ్యి పెట్టి, నీ తప్పేముందమ్మా, రెండేళ్ళు విసుక్కోకుండా నాకు చాకిరీ చేశావు అన్నాడు. కానీ లోపలికి రానన్నాడు. మూడు రోజులు చెప్పి పంపించిన చోటికి తిరిగి రాకూడదంతే అన్నాడు. కోటయ్య వచ్చాక ఇద్దరం ఎత్తబోతే, చిన్నప్పుడు నన్ను బడికి పంపేటప్పటి గొంతుతో, వద్దు అన్నాడు. మా చేతులు ఆగిపోయాయి. ఆయన్ని ఎత్తడం నాకు కొత్త కాదు. రోజుకు పదిసార్లు ఎత్తేవాణ్ణి. ఆ రోజు ఎత్తలేకపోయాను.

మూడు గంటలకు చినుకులు మొదలయ్యాయి. గొడుగు పట్టుకుని పక్కన కూర్చున్నాను. అంతకు మించి నేను చేయగలిగింది ఏమీ కనబడలేదు. రమీజా ఫోన్ చేస్తే నందిగామ నుంచి మీరాబీ అక్క వ్యాను మాట్లాడుకుని ఐదింటికి వచ్చింది. మా ఇద్దరి ముఖాలూ చూసి, ఏం జరిగిందని అడగకుండానే, నాతో రా అన్నయ్యా అంది. వెంటనే సరేనన్నాడు. ఆయన ట్రంకుపెట్టె, మందుల డబ్బా, ఆ చేతిసంచి తప్ప మా ఇంటి నుంచి ఇంకేమీ ఎక్కించలేదు. ఇది గుర్తుపెట్టుకోండి.

తర్వాత నేను విచారించని మనిషి లేడు. రోడ్డవతల టీకొట్టు ఆయన్ని అడిగాను. ఆటోవాళ్ళను అడిగాను. ఒంటి గంటన్నర దాకా కల్వర్టు దగ్గర ఎవరూ లేరనీ, మళ్ళీ చూసేసరికి ఉన్నాడనీ టీకొట్టాయన చెప్పాడు. మధ్యలో ఒక గ్లాసు కడిగేంత సేపు అటు చూడలేదట. ఎవరైనా జాలిపడి ఎత్తి కూర్చోబెట్టారా అంటే, ఇద్దరు మనుషులు కావాలి, ఇద్దరూ రమీజాను దాటాలి, ఇద్దరి అడుగులూ పొట్టులో పడాలి. అన్నను మళ్ళీ విజయవాడ తీసుకెళ్ళి పరీక్ష చేయించాం. కాళ్ళలో ఏ మార్పూ లేదన్నారు. రమీజా కునుకు తీసి ఉంటుందని ఒకరిద్దరు అన్నారు. ఆమె ముందున్న చేటలో చింతపండంతా గింజ తీసి ఉంది. నిద్రలో ఎవరూ గింజలు తీయరు.

మసీదులో నమాజు చేయించే హజరత్ గారిని కూడా అడిగాను. ఇచ్చిన గడువు వెనక్కి తీసుకోవడానికి ఏం చెప్పాలని. ఆయన చాలాసేపు గడ్డం నిమురుకున్నారు. పొమ్మనడానికే మాట ఉంది నాయనా, రమ్మనడానికి పెద్దలు ఏమీ చెప్పలేదు అన్నారు.

అయినా నేను చెప్పాను. నెల రోజులు ప్రతి పొద్దునా పదిన్నరకు దొంతి ముందు నిలబడి, గడువేమీ లేదు, వచ్చేయండి అని చెప్పాను. కోటయ్య తల వంచుకుని కట్టె కొట్టేవాడు. ఒక్కటి కూడా రాలేదు. ఎలుకలు మాత్రం వచ్చాయి. ఇప్పుడు దొంతి నిండా ఎలుకలే, వరండా స్తంభం కింద కూడా తవ్వాయి. అన్న గది తలుపు తియ్యక్కర్లేని రోజు వచ్చింది. ఎలా ఉంటుందా అనుకున్నాను కదా, ఇలా ఉంది. రోజూ ఒకసారి తీసి, ఖాళీ మంచం చూసి, వేస్తున్నాను.

ప్రతి ఆదివారం నందిగామ వెళతాను. హైవే మీద అరగంట పైనే పడుతుంది. అక్క ఇంట్లో అన్న మంచం పెరటి కిటికీ పక్కన వేశారు. బాగానే ఉన్నాడు. ఆయేషాను అడుగుతాడు, రమీజా నడుం నొప్పి అడుగుతాడు. ఆ శుక్రవారం గురించి అడిగితే మాత్రం వినబడనట్టు ఉంటాడు. లేచే ముందు మాత్రం ప్రతిసారీ ఒకటే ప్రశ్న. వచ్చారా అని. రాలేదంటాను.

పోయిన ఆదివారం అబద్ధమాడాను. ఆయన ముఖం చూసి ఆడాల్సొచ్చింది. ఒకరు వచ్చారన్నా అన్నాను.

"ఎవరు?"

"మొండిది."

అన్న నా వైపు చూసి నవ్వాడు. చిన్నప్పుడు నేను మార్కులు ఎక్కువ చేసి చెప్పినప్పుడు నవ్వే నవ్వది. వేలెత్తి కిటికీ బయటికి చూపించాడు.

పెరట్లో ప్రహరీ వారగా అక్క నీళ్ళు కాచుకోవడానికి పేర్చుకున్న కందికంప, నాలుగు కట్టెలు ఉన్నాయి. అవి నేను పంపినవి కావు. వాళ్ళ మరిది పొలం నుంచి తెచ్చినవి. వాటి ముందు ఎండలో ఒక జెర్రిపోతు పడుకుని ఉంది. ఆరడుగులు. తోక కొసన సన్నగా ఉండాల్సిన చోట మొద్దుగా, పుండు మానిన చర్మంతో, జానెడు తక్కువ. తోకలు తెగిన జెర్రిపోతులు లోకంలో ఇంకా ఉండవచ్చు. ఉంటాయి. ఆ మాట నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. హైవే పక్కన అంత దూరం, వాగులు, లారీలు, ఊళ్ళు దాటుకుని అది అక్క పెరడు వెతుక్కుని వచ్చిందని చెప్పడానికి నా జువాలజీ ఒప్పుకోదు. కానీ దాని తోక మీద పడిన మొద్దును ఎత్తింది నేను. ఆ గాయం నాకు తెలుసు.

కిటికీ దగ్గర నిలబడిపోయాను. లోపల అన్న, బయట అది. ఇద్దరిలో ఎవరి వైపు చూసి చెప్పాలో తెలియలేదు. నానమ్మ నేర్పిన మాటలు నా దగ్గర లేవు. నా సొంత మాటలే వచ్చాయి.

"ఇంటికి రండి" అన్నాను. మా అన్నను నేనెప్పుడూ మీరు అనలేదు. ఇద్దరికీ కలిపి అన్నానేమో.

మొండిది కదిలి మెల్లగా కంప కిందకు వెళ్ళిపోయింది. అన్న ఆ కంప వైపే చూస్తూ ఉన్నాడు. తర్వాత, ఎగతాళిగా కాదు, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు అడిగాడు.

"ఎన్ని రోజులకిరా?"

గేటు దాకా ఆ నలభై అడుగులు ఆయన ఎలా దాటాడో నేను చెప్పలేను. ఈ ప్రశ్నకు కూడా ఆ రోజు నేనేమీ చెప్పలేకపోయాను. బస్సు ఎక్కి పేటకు వచ్చేశాను.